ఇల్లు అదే, హద్దులే చెరిగిపోయాయి: లాక్‌డౌన్‌లో ఇంటి జీవితం ఎందుకంత బరువైంది?

2020లో కోవిడ్ లాక్‌డౌన్లు మొదలైన తొలి రోజుల్లో చాలామంది నోట వినిపించిన మాట ఒకటే: ఇంట్లో కూర్చోవడానికి ఏం కష్టం? అనుకోని సెలవు దొరికిందనుకుంటే సరి. నెల తిరిగేసరికి ఆ మాట అన్నవారే నిద్ర పట్టడం లేదన్నారు, ఈ రోజు ఏ వారమో గుర్తుండటం లేదన్నారు, ఇంట్లోవాళ్లు పలకరించినా చిరాకు వస్తోందన్నారు. ప్రయాణం లేదు, పరుగులు లేవు. అయినా రాత్రికి ఒళ్లు, మనసు రెండూ అలిసిపోయి ఉండేవి.

దీనికి అప్పట్లో తేలిగ్గా దొరికిన వివరణ ‘భయం, విసుగు’. అది అబద్ధం కాదు, కానీ చాలదు. మామూలు రోజుల్లో మన జీవితానికి కొన్ని హద్దులను బయటి ప్రపంచం గీసిపెడుతుంది. ఎప్పుడు లేవాలి, పని ఎక్కడ ముగుస్తుంది, ఎవరితో ఎంతసేపు గడపాలి అన్నవి బడి గంటలు, ఆఫీసు వేళలు, బస్సు సమయాలు నిర్ణయిస్తాయి. లాక్‌డౌన్ వాటన్నింటినీ ఒక్కసారిగా తీసేసింది. హద్దులు గీసే ఆ పని కూడా ఇంటి మీదే పడింది. ఇంటి జీవితం బరువెక్కడానికి అసలు కారణం అక్కడుంది.

ఐసొలేషన్, క్వారంటైన్, లాక్‌డౌన్: ఎవరిని ఆపడానికి ఏది?

వార్తల్లో ఈ మూడు మాటలూ కలగాపులగంగా వాడారు. వ్యాధి సోకిందని తేలినవారిని విడిగా ఉంచడం ఐసొలేషన్. సోకి ఉండవచ్చునన్న అనుమానం ఉన్నవారిని కొన్నాళ్లు వేరుగా ఉంచి గమనించడం క్వారంటైన్. ఇది పాత పద్ధతే. ఏడ్రియాటిక్ తీరంలోని రగూసా రేవు పట్టణం (నేటి క్రొయేషియాలోని డుబ్రోవ్నిక్) ప్లేగు ఉన్న ప్రాంతాల నుంచి వచ్చేవారిని 30 రోజులు బయటే ఆపాలని 1377లోనే శాసనం చేసింది. లాక్‌డౌన్ ఈ రెండింటికీ భిన్నం. ఆరోగ్యంగా ఉన్నవారితో సహా ఒక ప్రాంతంలోని జనం మొత్తం కదలికల మీద పెట్టే ఆంక్ష అది. 2020 జనవరి 23న చైనాలోని వూహాన్ నగరాన్ని మూసివేసి, 76 రోజుల తర్వాత ఏప్రిల్ 8న తెరిచారు. మార్చిలో ఇటలీ, భారత్, బ్రిటన్ వంటి దేశాలు దేశమంతటా అదే దారి పట్టాయి.

జబ్బు లేనివాడిని ఎందుకు ఆపాలి? ఒక చిన్న లెక్క చూద్దాం. సోకిన ఒక్కొక్కరూ సగటున ముగ్గురికి అంటిస్తారనుకుందాం. తొలి వ్యక్తి నుంచి మొదలై పదో అంచెకు చేరేసరికి, ఆ అంచెలోనే 59,049 మంది కొత్తగా వ్యాధి బారిన పడతారు. మనుషుల కలయికలు సగానికి తగ్గి, ఒక్కొక్కరు సగటున ఒకటిన్నర మందికే అంటిస్తే, పదో అంచెలో ఉండేది దాదాపు 58 మంది. సగం తగ్గిస్తే ఫలితం సగం కాదు, వెయ్యో వంతు. నిజ జీవితంలో వ్యాధి ఇంత శుభ్రంగా లెక్క ప్రకారం నడవదు. అయినా ప్రభుత్వాలను కదిలించింది ఈ తర్కమే.

ఇందులో ఒక మెలిక ఉంది. లాక్‌డౌన్ మనుషుల కలయికను రద్దు చేయదు, బయటి కలయికను ఆపి ఇంటిలోపలి కలయికను పెంచుతుంది. ఇక ‘సామాజిక దూరం’ అనే మాటకు బదులు ‘భౌతిక దూరం’ అనడం మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్చిలో చెప్పింది. దూరంగా ఉండాల్సినవి శరీరాలే, బంధాలు కావన్నది దాని ఉద్దేశం. ఆచరణలో అంత తేలిగ్గా ఈ రెండూ విడిపోలేదు.

రోజులు సాగుతాయి, నెలలు మాయమవుతాయి: కాలం తప్పడం వెనుక కథ

1962లో మిషెల్ సిఫ్ర్ అనే ఫ్రెంచి యువ భూగర్భ శాస్త్రవేత్త గడియారం లేకుండా ఆల్ప్స్ పర్వతాల్లోని ఒక చీకటి గుహలోకి దిగాడు. అక్కడ రెండు నెలలున్నాడు. పైన ఉన్న బృందానికి, తాను లేచినప్పుడూ తిన్నప్పుడూ పడుకోబోయేటప్పుడూ ఫోనులో చెప్పేవాడు. తిరిగి పిలిచిన రోజు సెప్టెంబరు 14. అతని లెక్కలో అది ఆగస్టు 20. సెకనుకొక అంకె చొప్పున 120 వరకు లెక్కపెట్టమంటే అతనికి 5 నిమిషాలు పట్టింది. విచిత్రమేమిటంటే శరీరం మాత్రం దారి తప్పలేదు. అతని నిద్ర, మెలకువలు 24 గంటలకు కాస్త పైబడిన లయలోనే నడిచాయి. తప్పింది మనసు వేసుకున్న లెక్క.

మనలో ఉన్న జీవ గడియారం కూడా అంతే. సగటున దాని చుట్టు 24 గంటల కన్నా కొద్ది నిమిషాలు ఎక్కువ. ప్రతి ఉదయం వెలుతురు తగిలి అది సర్దుకుంటూ ఉంటుంది. వెలుతురుకు తోడు భోజన వేళలు, నడక, మనుషుల రాకపోకలు కూడా దానికి సూచనలిస్తాయి. కిటికీ పక్కన కూర్చున్నా లోపలి వెలుతురు ఆరుబయటి పగటి వెలుతురులో చిన్న భాగమే. ఉదయం బయటికి అడుగు పెట్టకపోతే గడియారం రోజూ కొద్దికొద్దిగా వెనక్కి జారే వీలుంటుంది. అంగారక యాత్రకు రిహార్సల్‌గా మాస్కోలో 2010 జూన్ నుంచి 2011 నవంబరు వరకు ఆరుగురిని 520 రోజులు మూసి ఉంచిన ప్రయోగంలో ఒకరి రోజు 25 గంటలకు జారిపోయింది. మిగతావారు పడుకున్నప్పుడు అతను మేలుకునేవాడు, వారు మేలుకున్నప్పుడు అతను పడుకునేవాడు.

కాలం నడక గురించి లాక్‌డౌన్ మధ్యలోనే, 2020 ఏప్రిల్‌లో, బ్రిటన్‌కు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త రూత్ ఆగ్డెన్ 604 మందిని ప్రశ్నించారు. కాలం మామూలుగా నడవడం లేదని 80 శాతానికి పైగా చెప్పారు. కానీ అందరిదీ ఒకే అనుభవం కాదు. వారిలో ఇంచుమించు సగం మందికి అది పరుగెత్తింది, సగం మందికి నత్తనడక నడిచింది. వయసు పైబడినవారికి, ఒత్తిడి ఎక్కువగా ఉన్నవారికి, మనుషులతో కలయిక చాలడం లేదనుకున్నవారికి నెమ్మదిగా గడిచింది.

ఒకే మనిషికి రెండూ అనిపించడం కూడా మామూలే. దాన్ని అర్థం చేసుకోవాలంటే కాలాన్ని మనం రెండు రకాలుగా కొలుస్తామని గుర్తించాలి. గడుస్తున్నప్పుడు కొలిచేటప్పుడు దృష్టి ముఖ్యం: గడియారం వైపు ఎన్నిసార్లు చూస్తే అంత సాగుతుంది. గడిచాక వెనక్కి తిరిగి కొలిచేటప్పుడు జ్ఞాపకం ముఖ్యం: విడివిడిగా గుర్తున్న సంఘటనలు ఎన్నుంటే ఆ కాలం అంత పొడవుగా తోస్తుంది.

ఉదాహరణకు రెండేసి వారాల రెండు పక్షాలను పోల్చి చూద్దాం. మొదటి పక్షంలో ఒక పెళ్లి, ఒక ఊరి ప్రయాణం, ఆఫీసులో ఒక గొడవ, దారిలో తగిలిన పాత స్నేహితుడు. రెండో పక్షంలో అదే కుర్చీ, అదే గోడ, అదే తెర. రెండో పక్షంలో ప్రతి మధ్యాహ్నమూ దాటనంటూ మొరాయిస్తుంది. నెల తర్వాత తిరిగి చూస్తే ఆ 14 రోజులూ అతుక్కుపోయి ఒకే రోజులా కనిపిస్తాయి, పట్టుకోవడానికి కొస దొరకదు. మతిమరుపు వచ్చిందేమోనని భయపడ్డవారిలో చాలామందికి వచ్చింది మతిమరుపు కాదు. గుర్తుపెట్టుకోవడానికి తేడా ఉన్న రోజులే వారికి దొరకలేదు.

నిద్ర పెరిగింది, నాణ్యత తగ్గింది

ఆస్ట్రియా, జర్మనీ, స్విట్జర్లాండ్‌లలో తొలి లాక్‌డౌన్ వేళ జరిగిన ఒక పరిశీలనలో రెండు విషయాలు పక్కపక్కనే తేలాయి. పనిదినాలకూ సెలవులకూ మధ్య నిద్రవేళల తేడా తగ్గింది, నిద్ర సమయం కొద్దిగా పెరిగింది. అయినా నిద్ర మునుపటి కన్నా బాగా లేదని జనం చెప్పారు. పొద్దున్నే అలారంతో లేచే బాధ తప్పినవారికి ఇది మేలే. వెలుతురు, కదలిక తగ్గి బెంగ పెరిగితే మాత్రం పక్క మీద గడిపిన సమయమంతా నిద్ర అనిపించుకోదు.

రెండు గదులు, నలుగురు మనుషులు: ఒక ఇంటి లెక్క

ఇల్లు ఒకేసారి ఆఫీసు, బడి, ఆటస్థలం, వ్యాయామశాల అయ్యింది. దీన్ని చాలామంది చోటు సమస్యగా చూశారు. చోటు సంగతి నిజమే కానీ, ఊహకు ఒక ఇంటిని తీసుకుంటే ఇంకా కొన్ని బయటపడతాయి.

తల్లిదండ్రులిద్దరూ ఇంటి నుంచి పనిచేసేవారు, ఇద్దరు పిల్లలు, రెండు గదులు. ఉదయం 10 గంటలకు తల్లికి వీడియో సమావేశం, తండ్రికి ఖాతాదారులతో ఫోను, పెద్దమ్మాయికి ఆన్‌లైన్ తరగతి. ముగ్గురికీ నిశ్శబ్దం కావాలి, ఉన్నవి రెండు గదులు. చిన్నవాడికి కావలసింది నిశ్శబ్దం కాదు, ఆడుకోవడానికి ఒక మనిషి. ఆ గంటలో ఇంట్లో కరువైనవి నాలుగు: గది, పరికరం, నిశ్శబ్దం, తీరిక ఉన్న పెద్దమనిషి. మొదటి రెండూ డబ్బుతో కొంత తీరతాయి. చివరిది ఎంత ఉన్నవారికీ కొనడానికి దొరకలేదు, ఎందుకంటే బడి, శిశు సంరక్షణ కేంద్రం, తాతలు, అమ్మమ్మల రాకపోకలు అన్నీ ఒకేసారి ఆగిపోయాయి.

ఇప్పుడు ఆ చిన్నవాడు 15 నిమిషాలకోసారి తల్లిని పిలుస్తాడనుకుందాం. మూడు గంటల్లో 12 పిలుపులు. ఒక్కో పిలుపు తర్వాత తెగిన ఆలోచనను తిరిగి అందుకోవడానికి 5 నిమిషాలు పడుతుందనుకుంటే 60 నిమిషాలు పోయినట్లే. మూడు గంటల పనిలో గంట ఆవిరి. అది ఎక్కడికీ పోదు, పిల్లలు పడుకున్నాక రాత్రి పదకొండింటికి తిరిగి వస్తుంది. పని వేళలు గట్టు తెగిన నీరులా రోజంతా పరుచుకోవడానికి సోమరితనమో, క్రమశిక్షణ లోపమో కారణం అన్నవారు ఈ కూడిక వేసి చూడలేదు.

గొడవల సంగతీ ఇలాంటిదే. నలుగురున్న ఇంట్లో ఇద్దరిద్దరుగా చూస్తే ఆరు జంటలు. మామూలు పనిదినాన వారంతా మేలుకుని ఒకే చోట ఉండేది 5 గంటలనుకుంటే, లాక్‌డౌన్‌లో అది 15 గంటలు. ఒకరి మీద ఒకరికి ప్రేమ పిసరంత తగ్గకపోయినా, మాటామాటా అనుకునే అవకాశం మూడింతలు. కుటుంబాలు చెడిపోయాయని అప్పట్లో కొందరు బాధపడ్డారు. చాలా ఇళ్లలో చెడింది బంధం కాదు, కలిసి ఉండే సమయపు మోతాదు.

వీడియో కాల్స్ తెచ్చే అలసటకు వేరే కారణాలున్నాయి. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు జెరెమీ బెయిలెన్సన్ 2021లో నాలుగు చెప్పారు: ముఖాలు మరీ దగ్గరగా కనిపించి అందరూ మననే చూస్తున్నట్లుండటం, మన ముఖం మనకే అదేపనిగా కనిపించడం, కదలకుండా కూర్చోవాల్సి రావడం, తలూపడం వంటి సైగలను కూడా ప్రయత్నపూర్వకంగా చేయాల్సి రావడం. రోజంతా అద్దం ముందు కూర్చుని మాట్లాడమంటే ఎవరికైనా అలసటే కదా.

తోడు ఎక్కువైనవారు, తోడు కరువైనవారు

ఒంటరిగా ఉండేవారిది దీనికి తలకిందులైన కష్టం. మసాచుసెట్స్ సాంకేతిక సంస్థ పరిశోధకులు మహమ్మారికి ముందే చేసి, 2020లో ప్రచురించిన ఒక ప్రయోగంలో మనుషులను 10 గంటలు పూర్తి ఏకాంతంలో ఉంచారు. తర్వాత మనుషులు కలిసి ఉన్న చిత్రాలు చూపితే వారి మెదడులో ఒక భాగం స్పందించిన తీరు, పది గంటలు పస్తున్నప్పుడు తిండి బొమ్మలు చూస్తే స్పందించిన తీరును పోలి ఉంది. మనిషి తోడు కోసం పడే తపనను ఆకలి అనడం కవుల అతిశయోక్తి మాత్రమే కాదన్నమాట.

ఇందులో మరో కోణం అంతగా చర్చకు రాలేదు. ఆత్మీయులతో ఫోనులో మాట్లాడే వీలుంది. మరి రోజూ బస్సులో కనిపించే ముఖం, మెట్ల మీద పలకరించే పొరుగువారు, పక్క విభాగంలోని ఉద్యోగి? వీరికి పనిగట్టుకుని ఎవరూ ఫోను చేయరు. సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1973లోనే ఇలాంటి పలుచని పరిచయాల బలం గురించి రాశారు. కొత్త సమాచారం, ఉద్యోగ అవకాశాల కబుర్లు తరచు దగ్గరివారి నుంచి కాక వీరి నుంచే వస్తాయన్నది ఆయన వాదన. లాక్‌డౌన్ దగ్గరి బంధాలను ఇరుకు చేసింది, ఈ పలుచని బంధాలను చప్పుడు లేకుండా తుంచేసింది.

‘ఇంట్లోనే ఉండండి’ అందరికీ ఒకటే మాట, ఒకటే ఇల్లు కాదు

ఇంటి నుంచి పని చేయడం ఎంతమందికి సాధ్యం? అమెరికాలో సుమారు 37 శాతం ఉద్యోగాలే పూర్తిగా ఇంటి నుంచి చేయదగినవని 2020లో ఆర్థికవేత్తలు డింగెల్, నైమన్ అంచనా వేశారు. ఆదాయం తక్కువ ఉన్న దేశాల్లో ఆ వాటా ఇంకా తక్కువ. మిగతావారి ముందున్నవి రెండే దారులు: ప్రమాదమైనా బయటికి వెళ్లడం, లేదా కూలి వదులుకోవడం. ఒకే గదిలో ఆరుగురున్న ఇంట్లో ‘సోకినవారిని వేరే గదిలో ఉంచండి’ అన్న సలహా కాగితం మీదే మిగిలిపోతుంది.

ఇంటి లోపలా భారం సమానం కాదు. వేతనం లేని సంరక్షణ పనిలో 76.2 శాతం గంటలు స్త్రీలవేనని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018లో, అంటే మహమ్మారికి ముందే, లెక్క చెప్పింది. ఆ పునాది మీద బడుల మూత వచ్చి పడింది. యునెస్కో లెక్క ప్రకారం 2020 ఏప్రిల్ నాటికి ప్రపంచంలో 150 కోట్లకు పైగా విద్యార్థులు ఇళ్లలో ఉన్నారు. ఇక ఇల్లే ప్రమాదమైనవారి సంగతి వేరు. హింసించే మనిషితో గడియ వేసుకుని ఉండాల్సి వచ్చిన స్త్రీల గురించి ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి ఆంటోనియో గుటెరస్ ఆ ఏప్రిల్‌లోనే మాట్లాడి, ఇళ్లలోనూ కాల్పుల విరమణ కావాలని పిలుపునిచ్చారు. లాక్‌డౌన్‌లో కుటుంబ అనుబంధాలు వికసించాయని రాసిన వ్యాసాలు అప్పట్లో చాలా వచ్చాయి. అవి ఎవరి ఇంట్లో కూర్చుని రాసినవో చూసుకోవాలి.

గడువు తెలియకపోవడం ఎందుకంత బాధ?

మాస్కో ప్రయోగంలో ఆరుగురికీ 520 అనే సంఖ్య ముందే తెలుసు. లాక్‌డౌన్‌లో తెలిసిన సంఖ్య ఏదీ నిలవలేదు. భారత్‌లో 2020 మార్చి 25 నుంచి 21 రోజులన్నారు. అది మే 3 దాకా, తర్వాత మే 17 దాకా, ఆపైన మే 31 దాకా సాగింది. ఇటలీలోనూ ఏప్రిల్ 3 అన్నది ఏప్రిల్ 13కు, ఆపై మే 3కు జరిగింది. వ్యాధి తీరు ముందుగా తెలియనప్పుడు గడువు పొడిగించడం తప్పకపోవచ్చు. కానీ ఓర్పు అనేది మిగిలిన దూరాన్ని బట్టి పంచుకునే వస్తువు. దూరమే తెలియనప్పుడు ఎంత ఖర్చు పెట్టాలో, ఎంత దాచుకోవాలో మనసుకు లెక్క కుదరదు.

పాత మహమ్మారుల సమయంలోని క్వారంటైన్లపై వచ్చిన 24 అధ్యయనాలను సమీక్షించిన ఒక పత్రం 2020 ఫిబ్రవరిలో లాన్సెట్ వైద్య పత్రికలో వెలువడింది. మనసును కుంగదీసే కారణాల్లో సుదీర్ఘ కాలం, సోకుతుందన్న భయం, సరకుల కొరత, ఆదాయ నష్టం, చిన్నచూపుతో పాటు సరైన సమాచారం అందకపోవడమూ ఉంది. వార్తలు ఎంత చూడాలన్న వాదనకు మూలం ఇక్కడే. సమాచారం లేకపోవడం ఒత్తిడే, గంటకోసారి మృతుల సంఖ్య చూడటమూ ఒత్తిడే. నియమం ఏమి మారిందో తెలుసుకోవడానికి రోజుకు కొద్ది నిమిషాలు చాలు. మిగతా గంటలు తెలుసుకోవడానికి కాక భయాన్ని తడిమి చూసుకోవడానికే పోయాయి.

టైంటేబుల్ మేలా, కీడా?

నిపుణుల సలహాల్లో అన్నింటికన్నా ఎక్కువగా వినిపించింది ‘దినచర్య పాటించండి’ అన్నది. దీని వెనుక తర్కం పైన చూసినదే: బయటి గడియారం పోయింది కాబట్టి లోపల ఒకటి కట్టుకోవాలి. ఒకే సమయానికి లేవడం, పని ముగిశాక కంప్యూటర్ మూసి పక్కన పెట్టడం వంటివి పోయిన హద్దులకు బదులు గీసుకున్న హద్దులు.

ఎదురు వాదనలోనూ బలముంది. కొత్త భాష, కొత్త కళ, రోజూ వ్యాయామం అంటూ నిండిపోయిన టైంటేబుల్ కొందరికి ఊతమైతే, కొందరికి రోజూ ఓడిపోయే పరీక్ష అయ్యింది. ఆత్మీయులను పోగొట్టుకున్నవారికి, ఉద్యోగం పోయినవారికి ‘ఈ సమయాన్ని సద్వినియోగం చేసుకోండి’ అన్నది క్రూరంగా వినిపించింది. ఇక నిమిషాల మీద వేసిన పట్టిక చిన్నపిల్లలున్న ఇంట్లో ఉదయం పది గంటల లోపే చిరిగిపోతుంది. ఈ రెండు పక్షాలూ నిజానికి వేర్వేరు వస్తువుల గురించి మాట్లాడుతున్నాయి. జీవ గడియారానికి కావలసినవి రెండు మూడు స్థిరమైన గుర్తులే: లేచే వేళ, వెలుతురు, తిండి వేళ. రోజంతా గంటలవారీగా నింపమని అది అడగదు.

జనం కుంగిపోయారా, తట్టుకున్నారా?

మహమ్మారి తొలి ఏడాదిలో ఆందోళన, కుంగుబాటు సమస్యలు ప్రపంచవ్యాప్తంగా 25 శాతం పెరిగాయని, యువతపై, స్త్రీలపై ప్రభావం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్చిలో తెలిపింది. మరోవైపు, 21 దేశాల గణాంకాలను పరిశీలించిన పరిశోధకులు 2020 తొలి నెలల్లో ఆత్మహత్యలు అంచనాలకు మించి పెరగలేదని, కొన్నిచోట్ల తగ్గాయని చూపారు. ఆ దేశాలు ఎక్కువగా ఆదాయం బాగున్నవి.

ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టివేయవు. కొలిచిన విషయం వేరు, కాలం వేరు, దేశాలు వేరు. పైగా అందులో లాక్‌డౌన్ వాటా ఎంత, వ్యాధి భయం వాటా ఎంత, చావుల దుఃఖం ఎంత, ఆదాయం పోవడం ఎంత అన్నది విడదీయడం కష్టం, ఎందుకంటే అవన్నీ ఒకే నెలలో ఒకే ఇంటి మీద పడ్డాయి. సగటు సంఖ్య మరో సంగతినీ కప్పేస్తుంది. ఆఫీసు వేధింపుల నుంచి, బడిలో ఏడిపించే పిల్లల నుంచి తప్పించుకుని ఊపిరి పీల్చుకున్నవారూ ఉన్నారు. ఒకరి కుంగుబాటు, మరొకరి ఊరట కూడితే సగటు కదలనట్లే కనిపిస్తుంది.

ఆంక్షలు పోయినా తేలని హద్దు

కోవిడ్ అంతర్జాతీయ అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న ప్రకటించింది. అప్పటికే తలుపులు తెరుచుకున్నాయి, బడులు నడిచాయి. ఇంటి నుంచి పని మాత్రం చాలామందికి పూర్తిగానో, వారంలో కొన్ని రోజులో మిగిలిపోయింది. దానితోపాటు ఇంట్లో పని ఎక్కడ ఆగాలన్న తగువు కూడా మిగిలింది. పని వేళల తర్వాత ఫోనుకు, ఈమెయిల్‌కు అందుబాటులో ఉండనక్కర్లేని హక్కును ఫ్రాన్స్ 2017 నుంచే అమలు చేస్తోంది. అత్యవసరమైతే తప్ప పని వేళలు దాటాక ఉద్యోగులను సంప్రదించకూడదని పోర్చుగల్ 2021లో చట్టం చేసింది, ఆస్ట్రేలియా 2024లో ఇలాంటి హక్కునే తెచ్చింది. ఇలాంటి చట్టం చేతులు కట్టేస్తుందని, వేర్వేరు కాలమండలాల్లో ఉన్న బృందాలకు పొసగదని యాజమాన్యాలు వాదిస్తాయి. పిల్లల కోసం మధ్యాహ్నం విరామం తీసుకుని రాత్రి పనిచేసుకునే వెసులుబాటు పోతుందని కొందరు ఉద్యోగులూ అంటారు. మీట నొక్కి ఆపలేని పనికి చట్టం గీసిన గీత ఎంతవరకు నిలుస్తుందన్నది ఒక్కో దేశంలో ఇప్పుడిప్పుడే పరీక్షకు వస్తోంది.